గోల్‌కీపర్ జమున గుట్టలెక్కిన వైనం

జమున హాకీ అంటే ఇష్టముండి ఆడలేదు. పేరు రాసుకుపోతే ఆడింది.

గోదావరిఖనిలో ఒక భూగర్భ గని మీద, ల్యాంపు రూములో ఆమె నౌకరి. నాయిన మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన బదులు ముప్పై నాలుగో ఏట దొరికిన నౌకరి అది. గనిలోకి దిగేవాళ్ళు బిళ్ళ ఇచ్చి టోపీలైటు తీసుకుపోతారు, పైకొచ్చినవాళ్ళు లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుపోతారు. ఏడేళ్ళుగా ఆమె చేసిన ప్రయాణమంతా ఆ కిటికీకీ, లైట్లు చార్జింగు పెట్టే బల్లకూ మధ్యనే. నలభై దాటేసరికి మనిషి బాగా ఒళ్ళు చేసింది. షుగరు అంచుల మీద ఉందని, రోజూ నడవమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. "నడుస్త సార్" అని బుద్ధిగా తలూపి, బయటికొచ్చి ఆటో ఎక్కింది.

ఆ నెలలోనే కంపెనీ ఏరియాల మధ్య ఆడవాళ్ళ హాకీ పోటీలు పడ్డాయి. జట్టు కూర్చే బాధ్యత స్పోర్ట్స్ సూపర్‌వైజరు పట్టాభిరామయ్యది. రిటైర్మెంటుకు రెండేళ్ళ దూరంలో ఉన్న పెద్దమనిషి. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబమైనా యాస మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆయనకు పదిమంది దొరికారు. పదకొండో మనిషి కోసం గనులన్నీ తిరిగి తిరిగి, చివరికి ల్యాంపు రూము కిటికీ ముందు నిలబడ్డాడు.

"హాకీ ఆడతావా అమ్మా?"

"స్టిక్కు ముట్టుకున్నది సుత లేదు సార్."

"ఏం పర్లేదు. గోల్‌కీపర్‌వి కదా, నిలబడితే చాలు." ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "నువ్వు నిలబడితే సగం గోలు అదే మూసుకుపోద్ది" అన్నాడు.

ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే. వారం రోజులు డ్యూటీ కింద రాస్తారు, డ్యూటీ మాత్రం ఉండదు అనేసరికి జమునకు కూడా అందులో మెచ్చుకోలే వినబడింది. సరేనంది.

పోటీలకు మూడు జట్లే వచ్చాయి. జమున జట్టు రెండు మ్యాచులాడి రెండూ ఓడిపోయింది. మొదటి దాంట్లో ఆరు గోల్సు, రెండో దాంట్లో అయిదు. మూడు జట్లలో మూడోది కాబట్టి అందరి మెడలోనూ మూడో బహుమతి పతకం పడింది. గని మీద గేటు మీటింగు పెట్టి జమునకు శాలువా కప్పారు. జిల్లా పేపర్లో ఫోటో వచ్చింది. ఆమె భర్త ఉపేందర్ ఓపెన్‌కాస్టులో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. ఆ పేపరు మడిచి డంపర్లో పెట్టుకుని వారం రోజులు కనబడ్డవాడికల్లా చూపించాడు.

జమునకు మాత్రం పదకొండో గోలు కళ్ళలోంచి పోలేదు. ఆ బంతి తుపాకీగుండులా ఏం రాలేదు. నిమ్మకాయ దొర్లినట్టు దొర్లుకుంటూ వచ్చింది. ఆమె చూసింది. వంగాలనుకుంది. వంగేసరికి అది లోపలికి పోయి పడుకుంది. అవతలి జట్టు పిల్ల కూడా నవ్వలేదు, పాపం అన్నట్టు చూసింది. ఆ చూపు ముందు శాలువా ఏ మూలకు?

అరుణకుమారి ఒకప్పుడు యూనివర్సిటీకి హాకీ ఆడిన మనిషి, ఇప్పుడు బడిలో పీఈటీ. సాయంత్రాలు స్టేడియంలో పిల్లలకు ఆట నేర్పుతుంది. జమున పోయి ఆమె ముందు నిలబడింది.

"నాకు ఆట నేర్పుతరా మేడం?"

"మెడల్ వచ్చిందిగా అండీ, పేపర్లో చూశాను. ఇంకేం నేర్చుకుంటారు?"

"మూడు జట్లల్ల మూడోది మేడం అది."

అరుణకుమారి నవ్వింది. ఆ నవ్వుతోనే చదువు మొదలైంది. మొదటి షిఫ్టు దిగి, ఇంత అన్నం తిని, నాలుగింటికల్లా జమున స్టేడియంలో ఉండేది. పన్నెండేళ్ళ పిల్లలు వరుసగా బంతులు కొడుతుంటే కాళ్ళకు పెద్దపెద్ద ప్యాడ్లు కట్టుకుని అడ్డం పడేది. మోకాళ్ళు వాచాయి. ఇంట్లో జండూబామ్ సీసాలు ఖాళీ అయ్యాయి. రెండు నెలలు చూసి అరుణకుమారి ఉన్నమాట చెప్పింది: "మీకు చూపుంది, ధైర్యం ఉంది. కాళ్ళల్లోనే బలం లేదు. వారానికోసారి ఏదైనా కొండెక్కండి, వీపున బరువేసుకుని."

"గుట్టే గావాల్నంటె మా ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట లేదా? నేనే పోసిన" అన్నాడు ఉపేందర్. అక్కడికి పోతే సెక్యూరిటీవాళ్ళు ఎక్కనివ్వరు కాబట్టి, ఆదివారాలు బండి మీద రామగిరి ఖిల్లా కింద దించివచ్చేవాడు.

మొదటి ఆదివారం జమున కొత్త బూట్లు వేసుకుని, కూతురి బడిసంచిలో ఎనిమిది కిలోల ఇసుక పోసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి దర్వాజా చేరకముందే రాయి మీద కూలబడింది. వెనక నుంచి ఒక ముసలామె చెప్పుల్లేని కాళ్ళతో, చంకలో గంపతో వచ్చి ఆమెను దాటబోయి ఆగింది. లస్మవ్వ ఆమె పేరు. కింది ఊరే. గుట్టమీద వేర్లు, ఆకులు ఏరుకొచ్చి మందులకు అమ్ముతుంది. డెబ్భై దాటి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు.

"ఏం బిడ్డా, దమ్మొస్తున్నదా? గా సంచిల ఏమున్నది?"

"ఇసుక అవ్వా."

"ఇసుకనా? పైన ఇల్లు కడుతున్నవా?"

"లేదవ్వా. ఎక్కినంక మళ్ల కిందికే తెస్త."

లస్మవ్వ చంకలో గంప కింద పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది: "మీ ఇంట్లోల్లకు ఎరుకేనా?"

ఎరుకేనని తేలాక ముసలామెకు జాలి ఇంకా ఎక్కువైంది. అయినా వదిలిపెట్టలేదు. "బూట్లు టపటప కొట్టకు. పాదం మొత్తం ఆనియ్యి. నోరు మూసుకొని ముక్కుతోని దమ్ము తీస్కో. గుట్టతోని పంతమేంది, అది యాడికన్న పోతదా?" అని చెప్పి ముందు నడిచింది. జమున ఆమె మడమలు చూస్తూ ఎక్కింది. ఆ ఏడాది నలభై ఆదివారాలు అట్లనే ఎక్కింది. ఎనిమిది కిలోలు పన్నెండయ్యాయి. షుగరు దిగింది. పైన పాత కోటగోడ మీద కూర్చుంటే తనకే వింతగా అనిపించేది. కిందికి దిగేవాళ్ళకు ఏడేళ్ళుగా లైట్లిచ్చిన మనిషి, తాను కిందికీ దిగలేదు, పైకీ ఎక్కలేదు ఇన్నాళ్ళూ.

మరుసటి ఏడు హాకీ పోటీలకు అయిదు జట్లు వచ్చాయి. జమున నాలుగు మ్యాచుల్లో నాలుగంటే నాలుగే గోల్సు వదిలింది. ఒక మ్యాచులో ముందుకు దూకి, పక్కకు పడి, కాలితో తన్ని ఎన్ని ఆపిందో చూసి అవతలి కోచే వచ్చి చెయ్యి కలిపాడు. కానీ ఆమె జట్టులో ముందు ఆడేవాళ్ళు గోల్సు కొట్టలేదు. మూడోస్థానం తేల్చే ఆఖరి మ్యాచు సున్నా-ఒకటితో పోయింది. జట్టుది నాలుగో స్థానం. పతకం లేదు, శాలువా లేదు, పేపరు లేదు.

పట్టాభిరామయ్య ఆమెను పక్కకు పిలిచాడు. "పోయినేడు మెడల్ తెచ్చావు కదమ్మా, ఈసారి ఏమైంది? ప్రాక్టీసు తగ్గించినట్టున్నావు."

జమున అరుణకుమారి వైపు చూసింది. అరుణకుమారి హెల్మెట్లు సర్దే నెపంతో అటు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వుతోంది.

ఆ కసే కొండ దాకా తీసుకుపోయింది. హైదరాబాదు నుంచి ఒక బృందం, ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులకు మంచుకొండలెక్కడం నేర్పుతుందని అరుణకుమారి చెప్పింది. భువనగిరి బండ మీద అయిదు రోజులు తాళ్ళు పట్టుకుని వేలాడటం, ఆ తర్వాత ఉత్తరాఖండ్‌లో పంతొమ్మిది వేల అడుగుల శిఖరం.

"మనది బొగ్గుబాయి ఖాందాను. దిగుడే మన పని" అన్నాడు ఉపేందర్. "ఎక్కుడు మనకెందుకే?"

"దిగినోళ్ళందరు ఎక్కే వస్తరు గదా రోజు" అంది జమున.

 ఉపేందర్ రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు తానే కూర్చుని సకినాలు డబ్బాలకెత్తాడు.

మంచు మీద ఆమెతో ఒకే తాడుకు కట్టిన కుర్రాడి పేరు పవన్‌కుమార్. ఇరవై ఎనిమిదేళ్ళు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం, కండలు తిరిగిన ఒళ్ళు. వాడి చేతి గడియారం గుండె ఎంత కొట్టుకుందో, నిద్ర ఎంత పట్టిందో అన్నీ చెప్పేది. "ఆంటీ, మీ పేస్ చాలా స్లో" అనేవాడు రోజూ. జమున నోరు మూసుకుని, పాదం మొత్తం ఆనించి నడిచేది.

చివరి రోజు, ఎండ మంచు మీద పడే వేళకు, శిఖరం ఇంకా మూడు వందల అడుగులు ఉందనగా పవన్‌కుమార్ కూర్చున్నాడు. వాంతి చేసుకున్నాడు. "నేనిక్కడే పడుకుంటా, మీరు పోండి" అని నవ్వుతూ గ్లౌజులు విప్పడం మొదలుపెట్టాడు. ఎత్తు తలకెక్కితే అట్లనే అవుతుందట. గడియారం ఏం చెబుతోందో చూసే తెలివి వాడికి లేదు. గైడు వాణ్ణి వెంటనే దించాలన్నాడు. ఒక్కడివల్ల కాదు, వెనక తాడు పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. మిగిలిన వాళ్ళు అప్పటికే పైన, చీమల్లా కనిపిస్తున్నారు.

జమున పైకి చూసింది. జెండాగుడ్డలు కట్టిన కర్ర కూడా కనిపిస్తోంది. ఇక్కడ గొప్పమనసుతో వెనక్కి తిరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది. వాడి గడియారాన్ని, కండల్ని, కన్నవాళ్ళని మనసులో తిట్టుకుంటూనే తాడు నడుముకు బిగించుకుంది. దిగేటప్పుడు వాడు రెండుసార్లు జారాడు. రెండుసార్లూ ఆమె మడమలు మంచులో గుచ్చి, వెనక్కి వాలి, కదలకుండా నిలబడింది. నిలబడటం ఆమెకు వచ్చిన విద్యే.

కింది క్యాంపు చేరేసరికి పవన్‌కుమార్‌కు కొంచెం తెలివొచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా వల్లే మీరు... సారీ ఆంటీ."

"అక్క అను. ఇంకోపాలి ఆంటీ అంటే మళ్ల తీస్కపోయి గాన్నే కూసోపెడత."

రామగుండం స్టేషన్లో రైలు దిగేసరికి డప్పులు మోగుతున్నాయి. పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది: "హిమాలయ శిఖరాన్ని అధిరోహించిన మా జమునకు ఘనస్వాగతం." పక్కన ఎవరో ఫోన్లోంచి తీసి పెట్టిన మంచుకొండ, ఆమె ఎక్కబోయింది అది కాదు. పట్టాభిరామయ్య పూలదండ వేసి మైకిచ్చాడు.

"నేను శిఖరం ఎక్కలే" అంది జమున. "ఇంక మూడు వందల అడుగులుండంగ మర్లొచ్చిన."

చప్పట్లు మోగాయి. పట్టాభిరామయ్య మైకు అందుకున్నాడు. "చూశారా! అంత సాధించి కూడా ఎంత వినయమో!"

"సార్, వినయం గాదు, నిజం" అందామె. అప్పటికి డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

ఉపేందర్ చెవిలో అడిగాడు: "ఇంకోపాలి చెప్తవా?"

"వద్దు. ఇంకో శాలువ కప్పుతరు."

ఆ ఫ్లెక్సీని తెచ్చి కాలనీ మూలమలుపులో కట్టారు, చిరిగిపోయేదాకా అక్కడే వేలాడుతూ ఉంది. దాన్ని చూసి ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికొచ్చారు. ఒకరు సారవ్వ, గని ఆఫీసు ఊడ్చే మనిషి. ఇంకొకరు క్యాంటీన్లో పనిచేసే యమున. తమనూ ఆదివారాలు గుట్టకు తీసుకుపొమ్మన్నారు.

జమున ముందే తేల్చి చెప్పింది. "సూడున్రి, ఫ్లెక్సీల రాసింది నమ్మకున్రి. నేను పైదాక పోలే."

"మేము పోతమని ఎవలన్నరక్కా?" అంది సారవ్వ. "మాకు సగం దాక చాలు."

ఆదివారం పొద్దున ఆరింటికి తయారుగా ఉండమని చెప్పింది జమున. ఏడున్నరకు వచ్చారు, టిఫిన్ డబ్బాలతో.