మూడు యాప్‌లకు అందని ఎర్ర చుక్క

ఈ ప్రయాణానికి మూలకారణం నా నడుము. డిగ్రీ మొదటి ఏడాదిలో కొన్న ప్యాంటు ఇంటర్వ్యూకి పనికొస్తుందని బయటికి తీస్తే, బొత్తం దగ్గర అది సంపూర్ణ సహాయ నిరాకరణ ప్రకటించింది. దాన్ని వదులు చేయించడానికి నెల్లూరులో మా వీధి చివరున్న మస్తాన్ అన్న టైలరు కొట్టుకు వెళ్ళాను. మిషను పక్కన ఆకుపచ్చ జెండాలు నాలుగు, నడుమ తెల్ల పట్టీతో, ఇస్త్రీ చేసి పేర్చి ఉన్నాయి. ఎన్నికలు లేవు కదా, ఏ పార్టీవన్నా ఇవి అని అడిగాను.

"పార్టీ కాదు అబయా, వల జెండాలు. సముద్రంలో వలేసి, దాని కొసన వెదురు కర్రకి జెండా కట్టి తేలేస్తారు. తెల్లారి ఎవురి జెండా చూసుకోని వాళ్ళు వల ఎత్తుకుంటారు. ఇయ్యి బోగోలు అవతల సలోమక్కవి. కొత్త పడవ కొనుక్కున్నారు. రేపు మద్దేనం మొదటి వేట. తీసకపోయే మనిషి రాలేదు, ఏం చేసేదో తెలీటం లేదు."

ఆ మనిషిని నేనే అవుతానన్నాను. నా బ్లాగుకు పాఠకులున్నారు, అంటే మా చిన్నమ్మ, మా చిన్నమ్మ బలవంతం చేసినవాళ్ళు. వాళ్ళకు ఏదో ఒక సముద్రం చూపించి చాలాకాలమైంది.

మర్నాడు పొద్దున్నే నెల్లూరు బస్టాండులో కావలి వెళ్ళే ఆర్డినరీ ఎక్కాను. బోగోలుకు టికెట్టు అరవై రూపాయల లోపే, కిటికీ పక్క సీటు దొరకడం మాత్రం మీ జాతకాన్ని బట్టి. సముద్రం ముందు ఫోటోలో బాగుంటుందని కొత్త ఎర్ర చొక్కా వేసుకున్నాను. ఈ చొక్కాను గుర్తుంచుకోండి. ఎక్కగానే మస్తాన్ అన్నకు "బస్సెక్కాను" అని మెసేజ్ పెట్టాను. ఆయనది బావమరిది వాడి ఇచ్చిన ఖరీదైన ఫోను. తన జాతి ఫోన్లతో అయితే ముచ్చట్లాడుతుంది, నాదిలాంటి మామూలు ఫోను కనిపిస్తే పాతకాలపు ఎస్సెమ్మెస్ ఒకటి విసిరేసి మొహం తిప్పుకుంటుంది, అవతలి నుంచి ఫోటో వస్తే గింజంత చేసి చూపిస్తుంది. ఆయన అవతల ప్రేమగా గుండె బొమ్మ నొక్కితే, ఇవతల నాకు బొమ్మ రాలేదు. మస్తాన్ గారు "బస్సెక్కాను"ను ప్రేమించారు అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. నా జీవితంలో ఇంత స్పష్టమైన ప్రేమ ప్రకటన ఇదే మొదటిది.

సలోమక్క సంగతి వేరు. వాళ్ళ ఊరి పడవలవాళ్ళ గ్రూపంతా ఇంకొక యాప్‌లో ఉంది. లోకమంతా వాడే యాప్‌ను మస్తాన్ అన్న అసలు పెట్టుకోనేలేదు, ఫోన్లో చోటు లేక ఆమె ఎప్పుడో తీసేసింది. కాబట్టి ఆమెతో మాట్లాడాలంటే నేను ఆ యాప్‌లో చేరాలి. చేరాను. అది దిగుమతి అయ్యేలోపు కొడవలూరు దాటాం. అలా మస్తాన్ అన్న ఒక ఒడ్డున, సలోమక్క మరో ఒడ్డున, అన్ని యాప్‌లూ మోసే గాడిదగా నేను నడుమన స్థిరపడ్డాను. ఆమె పంపిన లొకేషన్ తెరిస్తే, నేను చేరవలసిన చోటు నడిసముద్రంలో ఉన్నట్టు చూపించింది.

బోగోలులో దిగి తీరానికి షేరాటో ఎక్కాను, మనిషికి ముప్పై. ఎప్పుడు బయల్దేరుతుందన్నా అంటే "నిండినాక" అన్నాడు డ్రైవరు, సృష్టి రహస్యం చెప్పినట్టు. నా ఒళ్ళోని జెండాల పొట్లం చూసి ఎవరివని అడిగాడు. చెప్పాను.

"ఏసురత్నానియ్యా! సలోమక్క మొగుడు. ఇన్నేళ్ళూ పోలయ్య పడవలో, పోలయ్య జెండా కింద పనిచేసినాడు. ఇయ్యాల ఆ మనిషికి సముద్రంలో పేరు పెడతా ఉండారు. జాగర్తగా పట్టుకో సామీ."

నేను పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. దారి పొడుగునా రొయ్యల గుంటలు, తర్వాత సరుగుడు తోటలు, ఆ తర్వాత హఠాత్తుగా ఏమీ లేదు. ఉన్నదంతా సముద్రమే. నెల్లూరులో పుట్టి పెరిగినవాణ్ణి, సముద్రం చూడనివాణ్ణేం కాదు. అయినా ప్రతిసారీ అది నా పాత చూపులన్నీ కొట్టేసి, మొదటిసారి చూస్తున్నట్టే నిలబెడుతుంది. ఇసుక మీద పడవలు వరసగా ముక్కులు పైకెత్తి ఉన్నాయి. కొత్తది ఇట్టే తెలిసిపోయింది, దాని రంగు ఇంకా ఎవరితోనూ గొడవపడలేదు.

సలోమక్క పొట్లం విప్పింది. జెండా ఒకటి విదిలించి పట్టుకుంది. ఆమె మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"చుక్కేదయ్యా?"

"ఏం చుక్కక్కా?"

"నడిమిన ఎర్ర చుక్క! చుక్క లేకపోతే ఇది పోలయ్య మామది. మాదెట్టవుతాది?"

అప్పుడు నాకు విషయం తెలిసింది. ఈ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. ఎవరి పడవలో పని నేర్చుకున్నారో ఆయన జెండానే తీసుకుని, ఆయన ఒప్పుకుంటే, దానికి ఒక గుర్తు కలుపుకుంటారు. ఆకుపచ్చ, తెల్ల పట్టీ పోలయ్యది. ఎర్ర చుక్క ఏసురత్నానిది. ఊరి పెద్దలు కూర్చుని ఆ చుక్కను ఖాయం చేశారు. తన జెండా లేనిదే తన వల వేయకూడదు. ఒకేలాంటి జెండాలు రెండు తేలితే తెల్లారి ఒకరి వల ఒకరు ఎత్తుతారు, ఆ తర్వాత జరిగేది చేపల గురించి కాదు.

పడవలు కదలడానికి ఇంకా రెండు మూడు గంటలే ఉంది. ఏసురత్నం పడవ అంచున కూర్చుండిపోయాడు. కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. "పోనీలే, ఈ తూరి కూడా మామ పడవలోనే పోతా" అన్నాడు చివరికి, ఇసుకను చూస్తూ. ఆ మాటకు సలోమక్క అటు తిరిగిపోయింది.

నేను నా సాంకేతిక విద్యనంతా ప్రయోగించాను. కుట్టమని మస్తాన్ అన్నకు సలోమక్క పంపిన జెండా బొమ్మ ఫోటో ఆమె ఫోన్లో అద్దంలా ఉంది, చుక్క కుంకుమ బొట్టులా వెలుగుతోంది. దాన్ని ఆమె యాప్ నుంచి నా ఫోనుకు తెచ్చి, అక్కణ్ణుంచి మస్తాన్ అన్నకు పంపాను. సిగ్నలు కోసం వలల కుప్ప ఎక్కాను. కాసేపటికి ఆయనే ఫోను చేశాడు.

"మళ్ళీ అదే పంపినావు గదా అబయా! పెసరబద్దంత బొమ్మ. ఆకుపచ్చ, తెలుపు, అంతే గదా?"

"నడుమ ఎర్ర చుక్క ఉందన్నా!"

అవతల మిషను చప్పుడు ఆగింది.

"అది జెండాలోదా?" అన్నాడు మెల్లగా. "నేను పులుసు మరక అనుకున్యా. చేపలామె పంపింది గదా, పులుసు పడి ఉంటాదిలే అని... మొన్న ఫోనుని మూడు తూర్లు తుడిసినా. పోలేదు. ఇప్పుడే మళ్ళీ తుడస్తా ఉండా."

స్పీకరులో విన్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. సలోమక్క కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "మస్తానన్నా, నేను ఫోనులో పులుసు పోసుకుంటానా?" అంది.

"తప్పైపోయింది తల్లా. ఇప్పుడేం చేస్తాం? ఎర్ర గుడ్డ ఉండాదా?"

వెదికారు. ఉన్నవన్నీ పూల చీరలు, గళ్ళ లుంగీలు. "చుక్కల్లో పూలుంటే దూరానికి మట్టి రంగు కనిపిస్తాది, సాదా ఎరుపే కావాల" అన్నాడు ఫోనులో మస్తాన్ అన్న. అప్పుడు తీరం మీదున్న మనుషులంతా ఒక్కొక్కరే నావైపు తిరిగారు. మెడ కింద నుంచి నడుము దాకా నన్ను శ్రద్ధగా చదివారు.

ముందు గుర్తుంచుకోమన్నది అందుకే.

పోలయ్య అనే ఆ పెద్దాయన వచ్చి తన తుండు నా భుజాల మీద కప్పాడు. "కానీ నాయనా, సిగ్గేముంది. నా జెండా నాకు మిగిలిచ్చేవాడివి, నువ్వు బట్టలు లేకున్నా దొరవే" అన్నాడు. చొక్కా సమర్పించుకున్నాను. టిఫిను పళ్ళెం బోర్లించి చుట్టూ గీసి కత్తిరించారు. మస్తాన్ అన్న ఫోనులోనే కుట్టు చెబుతున్నాడు. "అంచు లోపలికి మడవండి. రొండు పక్కలా కుట్టండి, లేకపోతే వెనకమాల నుంచి చూసినోడికి ఏసురత్నం మళ్ళీ పోలయ్య అయిపోతాడు!" వలలు బాగుచేసే నైలాను దారంతో నలుగురు ఆడవాళ్ళు నాలుగు జెండాలు పట్టారు. ఆ కుట్లు అందంగా లేవు. సముద్రం బతిమాలినా ఊడేవిగానూ లేవు.

ఎండ వాలేసరికి పడవలు నీళ్ళలోకి తోశారు. ఏసురత్నం జెండా కర్రల్ని పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు పడవలో పెట్టుకున్నాడు. నేను ఇసుక దిబ్బ మీద, పోలయ్య తుండు కప్పుకుని, పదవి పోయిన రాజులా కూర్చున్నాను. మొదటి రోజు కాబట్టి దూరం పోలేదు, ఒడ్డు నుంచి కనిపించే మేరలోనే వలలు వదిలారు. ఒక్కొక్కటిగా జెండాలు లేచి నిలబడ్డాయి. పసుపు, నలుపు, నీలం మీద తెలుపు, అడ్డ చారలు, నిలువు చారలు. అలకు వంగి మళ్ళీ లేస్తున్నాయి. నాకు అవి రంగు చినుకులు. పక్కన సలోమక్క మాత్రం పేర్లు చదువుతోంది. అది దేవుడమ్మ కొడుకుది, అది అన్నదమ్ములిద్దరిదీ కలిపినది, ఆ నీలం పక్క ఊరిది, దారి తప్పి వచ్చింది. అంత నీళ్ళ మీద అందరి పేర్లూ అందరికీ కనిపించేలా రాసి ఉన్నాయి. ఏ పడవలో ఉన్నా, ఏ ఊరివాడైనా, చూసినవాడికల్లా చేరుతున్నాయి. నాకు జోకు వెయ్యాలనిపించలేదు. ఇది నా విషయంలో అరుదైన సంగతి.

"అదుగో!" అంది సలోమక్క. ఆకుపచ్చ, తెలుపు, నడుమ నా చొక్కా. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

ఆ రాత్రి వాళ్ళింటి వసారాలో పడుకున్నాను. తెల్లవారి పడవలు ఒడ్డెక్కాక పోలయ్య నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "పోటుకి వాళ్ళ వల జరిగి జరిగి మా వల పక్కకే వచ్చినాది. మసక ఎలుగు. నాదే అనుకోని కొస పట్టుకున్యా. జెండా తిరిగినాది, నీ చొక్కా కనిపించినాది. వదిలేసి చుట్టు తిరిగి పోయినా." వెనకాలే ఏసురత్నం తన వల మోసుకుంటూ వస్తున్నాడు. చేపలు పెద్దగా పడలేదు, ఒక గంపెడు కవళ్ళు. ఆ గంపను అతను దించిన తీరు చూస్తే మాత్రం సముద్రాన్నే ఒంపి తెచ్చాడనుకోవాలి.

ఒడ్డున ఆరబెట్టిన జెండాకు ఫోటో తీసి మస్తాన్ అన్నకు పంపాను. బస్సులో ఉండగా ఫోను చేశాడు. "మళ్ళీ పెసరబద్దే వచ్చినాది అబయా. కానీ చుక్క కనపడింది. ఈ తూరి తుడవలేదు."

చేతుల్లో ఇన్ని ఫోన్లు పెట్టుకుని, ఒకదాని మాట ఇంకొకదానికి చేరక ఒక మనిషి పేరే పోబోయింది. చివరికి దాన్ని కాపాడింది మామూలు ఫోను కాల్‌లో వినిపించిన గొంతు, పళ్ళెమంత ఎర్ర గుడ్డ. ఫోన్లను తిట్టను. ఆ గొంతు వచ్చింది కూడా ఫోనులోంచే. కానీ పంపేశాం అనుకోవడానికీ చేరింది అనడానికీ నడుమ ఎంత నీరుందో నేను ఆ దిబ్బ మీద కూర్చుని చూశాను. ఇప్పుడెవరికైనా ముఖ్యమైనది పంపితే, ఒక్క కాల్ చేసి, నీకేం కనిపించిందో చెప్పు అని అడుగుతున్నాను. స్నేహితులు విసుక్కుంటున్నారు.

అటు వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే: సంచిలో ఇంకో చొక్కా పెట్టుకోండి. నెల్లూరు దాకా తుండు కప్పుకుని ఆర్డినరీ బస్సులో రావడం కుదురుతుంది గానీ, కండక్టరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేలోపు మీ స్టాపు దాటిపోతుంది.