ఐసు దిగినాక ఒక గంట

మా చేపలాయన పోయాడన్న కబురు నాకు కరివేపాకు కట్టతో పాటు అందింది. పుంగనూరు మార్కెట్లో కరివేపాకు అమ్మే ఆమె కట్టను నా సంచిలో వేస్తూ, "కుప్పంలో చేపలాయన పోయినాడంటమ్మా. మూడు దినాలైందంట. నిద్దర్లోనే పోయినాడంట, పున్నెమే," అంది.

ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది బాధ కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఉన్నమాటే చెబుతాను. నాకు ఊరట కలిగింది. ఆరేళ్ళుగా ఆ మనిషి ఎదురుపడితే ఏం చెప్పాలా అని బెదురుతూ బతికాను. ఇక ఎదురుపడడు కదా అనిపించింది. మార్కెట్టు గేటు దాటి ఆటో ఎక్కాక గానీ ఆ ఊరట ఎంత నీచమైనదో నాకు తెలియలేదు. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్ళు తాగి, పెరటి గోడ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆ గోడ సంగతి తరవాత చెబుతాను.

చేపలాయనది కుప్పం దగ్గర మెట్ట పల్లె. బోరు ఎంత లోతుకు దించినా దుమ్ము లేచే నేల. గొర్రెలు మేపుకునే కుటుంబం. అలాంటి ఊళ్ళో పుట్టినవాడు పద్దెనిమిదేళ్ళకే తెలిసినవాళ్ళ వెంట మంగళూరు పోయి చేపల బోటు ఎక్కాడు. అప్పటిదాకా సముద్రాన్ని చూసిన మొహం కాదు. వల లాగడం రాదు, ఈత రాదు. మంద వెంట తిరిగి మూడు రాళ్ళ పొయ్యి మీద వండడం మాత్రం వచ్చు. అందుకని వంటవాడిగా తీసుకున్నారు. ఒక్కసారి పోతే పది పన్నెండు రోజులు నీళ్ళ మీదే. బోటు నిండా మనుషులు, చుట్టూ కడలి, తాగడానికి మాత్రం కొలిచి పోసే మంచినీళ్ళు.

"అందరూ నీళ్ళు సాలవని ఏడ్సేవాళ్ళమ్మా. నాకేమో ఊర్లో ఉన్నట్టే ఉండేది. మా ఊర్లోనూ కొలిసే కదా పోసుకునేది," అని నవ్వేవాడు.

పాతికేళ్ళు అలా తిరిగి, మోకాళ్ళు పట్టేశాక వెనక్కి వచ్చి పుంగనూరు మార్కెట్లో ఐసు పెట్టె పెట్టాడు. మంగళూరు చేప బెంగళూరుకు, అక్కడి నుంచి ముళబాగిలు మీదుగా తెల్లారేసరికి ఆయన పెట్టెలోకి చేరేది. ఆదివారం, బుధవారం మాత్రమే. చెరువు చేప తప్ప తెలియని మాకు సముద్రపు చేప తినడం నేర్పింది ఆయనే. మాకు చేప అంటే బుట్టలో ఎగిరెగిరి పడాలి. ఐసులో పడుకున్నదాన్ని చూసి, "ఏమప్పా, సచ్చిన చేపలమ్ముతాండావా?" అని నేనే మొదటిరోజు ఎగతాళి చేశాను. నా నోటికి మా వీధిలో అప్పటికే పేరుంది.

ఆయన కోపం చేసుకోలేదు. చేప చెంప ఎత్తి లోపలి ఎరుపు చూపించాడు. కన్ను చూపించాడు. వేలితో ఒత్తి, గుంట పడకుండా లేచిన కండ చూపించాడు. "సచ్చినా అబద్ధమాడదమ్మా చేప. మనం సూడాల, అంతే," అన్నాడు.

వండే పద్ధతీ ఆ పెట్టె దగ్గరే చెప్పాడు. చింతపండు, కారం, కాస్త కొబ్బరి, నీళ్ళు తక్కువ. పులుసులో గంటె పెట్టకూడదు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పాలి. "బోట్లో మేము అదీ తిప్పేది లేదు. సముద్రమే తిప్పతాది," అనేవాడు. అన్నిటికంటే ముందు, నేను పోయిన ప్రతిసారీ, సంచి చేతికిస్తూ ఒకే మాట చెప్పేవాడు. "ఐసు దిగినాక గంటలోపల పొయ్యి మీద ఉండాలమ్మా. బంగుడె అయితే మరీ. ఎండ తగిలిందంటే ఇసమైపోతాది, ఎంత ఉడికించినా పోదు." వెండి ఒంటి మీద నీలం చారలుండే చేపను ఆయన కన్నడ వాళ్ళ మాటతో బంగుడె అనే పిలిచేవాడు. మేమూ అదే అలవాటు చేసుకున్నాం.

ఆయన పెట్టెలో ఒక మూల నాలుగైదు చేపలు విడిగా ఉండేవి. ఎవరడిగినా అమ్మేవాడు కాదు. అవి కూర చేపలు. బోట్లో వల పైకి రాగానే, అమ్మకానికి ఏరకముందే, వంటవాడు మనుషుల కోసం తీసి పెట్టుకునేవాటిని అలా అంటారట. ఎంత పెద్ద ఓనరైనా వాటి జోలికి రాడట. ఆ అలవాటు ఆయన నేల మీద కూడా మానలేదు. పక్కన కొబ్బరికాయలమ్మే ముసలాయనకు, ఊడ్చే ఆమెకు, అప్పుడప్పుడు నాకు, అందులోంచి ఇచ్చేవాడు.

ఒకసారి బోట్లో జరిగింది చెప్పాడు. కొత్తగా చేరిన రోజుల్లో పులుసులో డీజిల్ చుక్కలు పడ్డాయట. తిన్నవాళ్ళు మొహాలు చిట్లించి చేపదే లోపమన్నారట. ఆయన లేచి నిలబడి, మూత పెట్టకపోవడం తన తప్పేనని చెప్పాడట. తిట్లు తిన్నాడట. "కూర సెడిపోతే వండినోడు ముందు లేసి సెప్పాల. సెప్పకపోతే పదిమందీ సేపని అనుమానిస్తారు, ఆమీట వలని, ఆమీట సముద్రాన్ని," అన్నాడు. నేను భలే చెప్పావని నవ్వి, సంచి తీసుకుని వచ్చేశాను. ఆ మాట నాకే తగులుతుందని అప్పుడేం తెలుసు.

ఆరేళ్ళ కిందట, నడి ఎండాకాలం, ఒక ఆదివారం. మదనపల్లెలో ఉండే మా ఆడబిడ్డ, మొగుడూ పిల్లాడితో మధ్యాహ్నం భోజనానికి వస్తామంది. ఏడు గంటలకే పోయి బంగుడెలు తెచ్చాను. కడిగి, కోసి, ఉప్పూ పసుపూ పట్టించాక ఫోనొచ్చింది. పని తగిలింది, సాయంత్రానికి గానీ రాలేమని.

మాది పాల ఇల్లు. నాలుగు ఆవులు, ఫ్రిజ్ నిండా వాడికెల వాళ్ళకు పోసే పాలు, పెరుగు గిన్నెలు. చేపల బేసిన్ పట్టుకుని ఫ్రిజ్ తలుపు తీయబోతుంటే మా అత్త అడ్డం వచ్చింది.

"పాల పక్కన సేపలు పెడతావా? రెండూ ఒకచోట సేరితే బొల్లి వస్తాదని తెలీదా? బయట పెట్టు," అంది.

నేను బయట పెట్టాను. పెరటి గోడ మీద, పైన పళ్ళెం, పిల్లి రాకుండా దాని మీద రోకలిబండ. పొద్దునే వండేసి ఉండాల్సింది. లేదంటే మళ్ళీ మార్కెట్టుకు పోయి కాస్త ఐసైనా తెచ్చుకుని ఉండాల్సింది. ఆయన మాట గుర్తులేక కాదు. బాగా గుర్తుంది. కానీ ఆడబిడ్డ ముందు పొగలు కక్కే పులుసు పెట్టి మెప్పు పొందాలని నా యావ. చెరువు చేపను పొద్దున కోసి సాయంత్రం వండిన రోజులు లేవా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఐదింటికి పళ్ళెం తీస్తే బేసిన్ వేడిగా ఉంది.

పులుసు అద్భుతంగా ఉందన్నారు. తిన్న అరగంటకే ఒక్కొక్కరి మొహం కందగడ్డలా అయింది. ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి. ఆడబిడ్డ కొడుకు వాంతులు చేసుకున్నాడు. డాక్టరు ఇంజెక్షన్లు వేసి, చేప పడలేదన్నాడు. తెల్లారేసరికి అందరూ తేరుకున్నారు. కానీ ఆడబిడ్డ మొగుడు మా గడప దాటుతూ, "ఏం చేప పెట్టినారో ఏమో," అన్న మాట నాకు ముల్లులా దిగింది.

బుధవారం మా అత్తను వెంటబెట్టుకుని మార్కెట్టుకు పోయాను. పెట్టె చుట్టూ పదిమంది ఉన్నారు. వాళ్ళందరి ముందు ఆయన్ను కడిగేశాను. కుళ్ళిన చేప అంటగట్టావన్నాను, పసిబిడ్డ ప్రాణం పోయేదన్నాను. ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టి, అంతా విని, ఒక్కటే అడిగాడు.

"ఎన్ని గంటలకి పొయ్యెక్కిస్తివమ్మా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. పక్కన మా అత్త ఉంది. నేను ఆమె వైపు చూడలేదు, ఆమె నా వైపు చూడలేదు.

"ఇంటికి పోయినాక వెంటనే," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తరవాత మా అత్త మొహం చూశాడు. చేప చెంప ఎత్తి చూసినట్టే, తొందర లేకుండా చూశాడు. ఆమీదట పెట్టె మూత వేశాడు.

"నా తప్పేనమ్మా. ఐసు తక్కువై ఉంటాది," అని చుట్టూ ఉన్నవాళ్ళకు దండం పెట్టి, "ఈ పొద్దు అమ్మనప్పా, ఎవరూ ఏమనుకోవద్దండి," అన్నాడు.

ఊరికి అంతకంటే ఏం కావాలి? తప్పని ఆయనే ఒప్పుకున్నాడాయె. పుంగనూరు నుంచి పెద్దపంజాణి దాకా పాకింది ఆ మాట. నెల తిరక్కుండా పెట్టె ఎత్తేసి కుప్పంలో ఉన్న కూతురి దగ్గరకు పోయాడు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నేనూ మా అత్తా ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. సముద్రపు చేప మళ్ళీ మా ఇంట్లోకి రాలేదు.

మధ్యలో ఒకసారి పలమనేరు బస్టాండులో కనిపించాడు. సన్నబడ్డాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను చూడనట్టు టెంకాయ నీళ్ళ బండి వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన కాసేపు అలాగే నిలబడి బస్సెక్కాడు. చెప్పడానికి దేవుడిచ్చిన ఆ ఒక్క అవకాశాన్నీ టెంకాయ బండి చాటున పోగొట్టుకున్నాను.

దినాలయ్యాక కుప్పం పోయాను. కూతురు రైల్వే స్టేషన్ దగ్గర చిన్న హోటలు నడుపుతోంది. అన్నం, చేపల పులుసు. ఆమె గిన్నె చెవులు పట్టుకుని తిప్పుతుంటే గడపలోనే నిలబడి చూశాను. నేను ఫలానా అని చెప్పేసరికే ఆమెకు తెలిసిపోయింది. బల్ల మీద కూర్చోబెట్టింది. నేను ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేశాను. గోడ మీద పెట్టింది నేనేనని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంచానని, మార్కెట్లో అబద్ధమాడానని.

ఆమె పొయ్యి తగ్గించి నా ఎదురుగా కూర్చుంది.

"నాయనకి ఆ పొద్దే తెలుసమ్మా. బంగుడె ఎండకి పెట్టినట్టుండారు అని ఈడికొచ్చినాక సెప్పినాడు."

"మరి అంతమందిలో నా మీద యాల సెప్పలేదు?"

"నేనూ అదే అడిగినా. గట్టిగా పోట్లాడినా కూడా. అత్తాకోడలు పక్కపక్కన నిలబడి ఒకరి మొగం ఒకరు సూసుకోలేక ఉండారు, నేను నోరు తెరిస్తే ఇంటికి పోయి నువ్వంటే నువ్వని కొట్టుకుంటారు, అన్నాడు. నాకు పోయేది పెట్టె, వాళ్ళకి పోయేది ఇల్లు, అన్నాడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు. ఓదార్చనందుకే ఆమె మీద గౌరవం పెరిగింది. "నువ్వు సెప్పింటే ఆయన ఆడే ఉండేవాడు. పుంగనూరంటే ఆయనకి పానం," అని మాత్రం అంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

లేచి వస్తుంటే ఐసు పెట్టె మూలలోంచి రెండు బంగుడెలు తీసి, రెండు కవర్ల నిండా ఐసు వేసి, నా చేతిలో పెట్టింది. "కూర చేప. వద్దనకూడదు," అంది. ఆపైన అలవాటుగా, "ఐసు దిగినాక గంటలోపల..." అని సగంలో ఆగిపోయింది.

ఇది చదివే పుంగనూరు వాళ్ళలో ఆ బుధవారం ఆ పెట్టె చుట్టూ నిలబడిన పదిమందిలో ఎవరైనా ఉంటే, వినండి. ఆయన చేప మంచిది. ఐసు తక్కువ కాలేదు. కూర చెడగొట్టింది నేను. వండినదాన్ని నేనే, లేచి చెబుతున్నాను, ఆరేళ్ళు ఆలస్యంగా.

కుప్పం నుంచి ఇంటిదాకా సంచి చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది. బస్సులో పక్కనామె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నన్ను విసుక్కుంది. ఇంటికి వచ్చేసరికి గ్యాసు అయిపోయి ఉంది. సిలిండరు తేవడానికి మా ఇంటాయన పోయాడు. అడుగున ఇంకా కాస్త ఐసు మిగిలింది. నేను సంచి పట్టుకుని నేరుగా ఫ్రిజ్ దగ్గరకు పోయి తలుపు తీశాను. మంచం మీద నుంచి మా అత్త చూస్తోంది.

"చేపలాయన ఇంటి నుంచి," అన్నాను.

ఆమె మెల్లగా లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, తన చేత్తోనే పాలగిన్నె బయటికి తీసింది.

"ఆ పెరుగు కూడా దించు. సేపలకి సోటు సాలదు," అంది.

వాకిలి నుంచి ఫ్రిజ్ దాకా నేల మీద ఐసునీళ్ళ చుక్కలు వరసగా పడి ఉన్నాయి. వాటిని ఇద్దరిలో ఎవరమూ తుడవలేదు.