పన్నెండంకెల శ్రోతలు

పలమనేరులో ఐదున్నర బస్సు. మా ఊరినుంచి అక్కడికి ఆటోలో ఇరవై నిమిషాలు. ఆటో వచ్చి ఆగగానే సంఘం పెద్ద సరోజక్క, "మునెమ్మా, నువ్వు రెండడుగులు ఆగి రా. ఫైలు ముందు పోనీ" అంది. పనిమీద పోయేటప్పుడు విధవ ఎదురు రాకూడదని ఆమె బాధ. ఎదురొచ్చే విధవనూ నేనే, ప్రయాణం పోయేదాన్నీ నేనే. నాకు నేను ఎట్లా తప్పుకోను?

మా మహిళా సంఘానికి చిన్న రేడియో ఉంది. పొద్దున ఐదుకు నా గొంతుతోనే మొదలవుతుంది. పాలబండి ఎప్పుడొస్తుంది, పశువుల డాక్టరు ఏ ఊరికి వస్తాడు, వాన ఉందా లేదా, మధ్యలో రెండు పాటలు. నాకు సంతకం వరకే చదువు, నోరు మాత్రం దండిగా ఉంది. పొద్దున్నే నా ముఖం కనబడితే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయే మనుషులే, పదేళ్లుగా నా గొంతు విని నిద్ర లేస్తున్నారు. గొంతుకు బొట్టు ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది?

పిడుగు పడి, మాటను గాలిలోకి పంపే యంత్రం కాలిపోయింది. కొత్తదానికి ప్రభుత్వం సాయం చేస్తుందట. తిరుపతి ఆఫీసులో కాగితాలివ్వడానికి ఆ రోజే ఆఖరు. అది రాకపోతే నేను మళ్లీ ఉట్టి ముఖం మిగిలిన మనిషిని.

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు సున్నా. ఆ సున్నాకు కూడా కార్డు చూపించాలి. కండక్టరు నా కార్డు ఎత్తి పట్టుకుని, "ఇది నువ్వేనా మా?" అన్నాడు.

"నేనే నాయనా. అప్పుడు మొగుడుండె, ముఖం నిండుగా ఉండె."

ఏడుకు చిత్తూరు. బస్టాండు బయట ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ అరవై రూపాయలు. చట్నీ నీళ్లు, సాంబారు పరవాలేదు. తొమ్మిదింబావుకు తిరుపతిలో దిగామో లేదో ఆటోవాళ్లు చుట్టుకున్నారు. "కొండకా, అలిపిరికా?" ఆఫీసుకంటే ఎవరూ నమ్మలేదు. "ఆఫీసుకు కూడా మొక్కుకున్నారా యేంది?" అన్నాడొకడు.

ఆఫీసు రెండో అంతస్తులో. పదకొండున్నరకు సారు మమ్మల్ని పిలిచి, రేడియో వినేవాళ్ల జాబితా తెరిచాడు.

"లచ్చిమి, గౌరి, గంగ, నందిని. నలుగురూ ఒకే ఇంట్లోనా?"

"ఔను సార్, మా ఇంట్లోనే" అంది సరోజక్క. "గంగను మాత్రం సంతలో కొన్న్యాము."

సారు కళ్లజోడు తీశాడు. "కొన్నారా?"

"పోయినేడు. మంచి బేరం."

"తండ్రి పేరు దగ్గర 'ఆస్పత్రి సూది' అని రాసినారేంది?"

"ఇప్పుడు ఎద్దులు యాడుండాయి సార్? అందరికీ సూదే గదా."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. తప్పు మాదే, కానీ అబద్ధం లేదు. మీ ఇంట్లో రేడియో వినేదెవరని ఫారంలో అడిగారు. మా ఊళ్లో రేడియో కొట్టంలో గుంజకు వేలాడుతుంది, పాలు పితికే వేళ వినేది ఆవులే. పన్నెండంకెల నంబరు రాయమన్నారు. ఆవు చెవికి సర్కారు వేసిన పసుపుపచ్చ బిళ్ల మీద సరిగ్గా పన్నెండంకెలున్నాయి, చూసి రాయించాం.

"మీ కంప్యూటరు ఏమంటుంది సార్?" అన్నాను.

"దానికేం, అంకెలుంటే సాలు. అన్నీ ఒప్పుకునింది" అన్నాడు విచారంగా.

ఇక మాట్లాడే మనిషి వేలిముద్ర. నా బొటనవేలు ఆరుసార్లు పెట్టించారు, తడిపి ఒకసారి, తుడిచి ఒకసారి. నలభై ఏళ్లు పాలు పితికిన వేలు, గీతలు యాడుంటాయి? మిషను ఎర్రగా వెలిగింది.

"మిషను లెక్కలో నువ్వు లేవమ్మా" అన్నాడు సారు. "వినేవాళ్లు ఉండారు, మాట్లాడే మనిషే లేదు. వేలు పడేవాళ్ల పేరు రాయండి, పది నిమిషాల్లో పంపిస్తా."

సరోజక్క కోడలు శిరీష డిగ్రీ చదివింది. దాని వేలు రేషన్ అంగట్లో ఒక్క దెబ్బకు పడుతుంది. అక్కకు ఆ సంగతి గుర్తొచ్చిందని ఆమె ముఖంలోనే తెలిసింది. ఏమంటుందోనని నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఆవులు ఒప్పవు సార్" అంది సరోజక్క.

"ఆవులను అడిగినావా?"

"మీరే అడగండి. మూడున్నరకు పితుకుతారు."

కింద భోజనం చేసి మూడున్నరకు మళ్లీ పైకెక్కాం. సరోజక్క తన ఇంటి కొట్టానికి వీడియో ఫోను కలిపింది. ముందు అక్కడున్న శిరీష కాగితం చూసి వార్తలు చదివింది, మంచి భాషలో. లచ్చిమి ఒక్క తన్ను తన్నింది, బకెట్టు ఎక్కడికి పోయిందో కనబడలేదు.

ఫోను నా చేతికిచ్చారు. రెండుసార్లు దగ్గి, "లేయండమ్మా లేయండి, పాలబండి గేటు కాడికి వచ్చేసింది" అన్నాను.

లచ్చిమి చెవులు తిప్పింది. నెమరు ఆపింది. ఒక నిమిషానికి చేపింది, పాలు సర్రుమని బకెట్టులో పడే చప్పుడు ఆఫీసంతా వినబడింది. పక్క బల్లల వాళ్లంతా వచ్చి మూగారు. ఒకాయన చెప్పులు విప్పి ఫోనుకు దండం పెట్టాడు.

సారు జాబితాలో ఆవుల పేర్లు కొట్టేయించి, వాటి ఇంటివాళ్ల పేర్లు రాయించాడు. లచ్చిమిని మాత్రం సాక్షి గడిలో ఉంచాడు. నా పేరు ఎదురుగా తన చేత్తో ఏదో రాశాడు. చదివి చెప్పమన్నాను. "వేలిముద్ర పడలేదు. గొంతును శ్రోత గుర్తుపట్టినది." ముద్ర కొట్టి, నెలలోపు యంత్రం వస్తుందన్నాడు.

మీ ఊరి రేడియోకు మీరూ ఈ సాయం అడగబోతే వేళ్లను నమ్ముకోకండి. పాలు పితికే వేళకు ఫోనులో ఛార్జింగు ఉండేట్టు చూసుకోండి.

ఐదు గంటల బస్సులో పక్కన గుండు చేయించుకున్న పెద్దాయన. "దర్శనం బాగా అయిందా మా?" అన్నాడు.

"అయింది నాయనా. పగలంతా నిలబెట్టి, ఆఖర్న ఆవును సూపించినారు."

చిత్తూరు దాటేసరికి పొద్దు గుంకింది. సరోజక్క నిద్రపోయిందనుకున్నాను. కళ్లు మూసుకునే, "మునెమ్మా, యంత్రం వచ్చేదాకా పొద్దున్నే ఐదుకు మా ఇంటికి ఫోను సెయ్యి" అంది.

"లచ్చిమికా?"

"లచ్చిమికేలే" అంది. కొంగు ముఖం మీదికి లాక్కుని, "ముందు నన్ను లేపు" అంది.