మా లంక ఫస్టు క్లాసులో పాసైన కథ

ఆ రోజుల్లో గోదావరి మధ్యనున్న మా లంకలో జబ్బు చెయ్యడానికి కూడా వేళాపాళా ఉండాలి. పొద్దున్న మొదటి నావ కదిలిన దగ్గర్నుంచి సాయంత్రం ఆఖరి నావ ఒడ్డు చేరేదాకా ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఫరవాలేదు, కపిలేశ్వరపురం వైపు దాటించి ఎవరో ఒక డాక్టరు చేతిలో పెట్టేవాళ్లం. ఆ తరవాత వచ్చిన నొప్పి మర్నాటిదాకా ఆగాలి. అది ఆగకపోతే మనిషి ఆగిపోవాలి. (చమత్కారానికి అంటున్న మాట కాదు. మా నాన్న అలాగే ఆగిపోయాడు.) తొంభైల్లో దేశం ఎక్కడికో దూసుకుపోతోందని పేపర్లు రాస్తుండేవి. ఆ పేపర్లు నేను బెల్లం పొట్లాలు విప్పి, చీమల్ని దులిపి చదువుకునేవాణ్ణి. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తప్పు నాది కాదు. ఎవరిదో పేర్లతో సహా చెప్పగలను గాని, దానికి ఈ కాగితాలు చాలవు. పదో తరగతి పరీక్ష హాల్లో ఒక్కసారైనా కూర్చోలేకపోయానన్న కసితో దొరికిన ప్రతి అక్షరమూ చదివాను, అట్టలు ఊడిన ఒక ఇంగ్లీషు నిఘంటువుతో సహా. దానివల్ల నాకు ఇంగ్లీషు రాలేదు గాని ‘డిక్షనరీ’ అన్న పేరు మాత్రం వచ్చింది.

ఈ సంగతి జరిగేనాటికి నాకు ముప్పై దాటాయి. నన్ను పెంచింది మా పిన్ని. అమ్మ పోయాక నా బాధ్యత నెత్తినేసుకుని, తన జీవితం సంగతి మరిచిపోయిన మనిషి. ఆవిడకి బీపీ. బతికినంత కాలం రోజూ ఒక మాత్ర వేసుకోవాలని ఒడ్డునున్న డాక్టరు ఏనాడో చెప్పాడు. పిన్ని ఆ సలహాని తన పద్ధతిలో సవరించుకుంది. “తల తిరిగితే మాత్ర. తిరగని తలకి మాత్రెందుకురా?” అనేది. అసలు కారణం వేరు. ఆవిడకి నావ భయం. ఏరు దాటుతున్నంతసేపూ కళ్లు మూసుకుని నా మోచెయ్యి పట్టుకునేది, దిగాక చూస్తే నా చేతిమీద ఆవిడ గోళ్ల అచ్చులు పడి ఉండేవి. మనిషిని చూడందే డాక్టరు మాత్రలు ఇచ్చేవాడు కాదు, అందుకే అవి అయిపోయినా చెప్పేది కాదు. మాత్ర ఏరు దాటి మా ఇంటికి రావాలి గాని, పిన్ని మాత్ర కోసం ఏరు దాటదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నేను చేసిన ఘనకార్యం ఎంతటిదో మీకే తెలుస్తుంది.

ఏటికవతల ఒక వైద్య కళాశాలలో కుటుంబ వైద్య విభాగం కొత్తగా పెట్టారు. వాళ్లు మా లంకకి వస్తున్నారని కబురు రాగానే సగం మంది మగాళ్లు కొబ్బరితోటల్లోకి మాయమైపోయారు. (‘కుటుంబ’ అన్న మాటతో మొదలయ్యే సర్కారు పనులన్నీ ఆపరేషన్‌తో ముగుస్తాయని వాళ్ల అనుభవం.) ఆ విభాగానికి పెద్ద ఒక డాక్టరమ్మగారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచి వచ్చి, నావల రేవులో మమ్మల్ని కూచోబెట్టి చెప్పారు: “రెండు లంకలు తీసుకున్నామండీ. మీదొకటి, దిగువనున్నదొకటి. ఇంటింటికీ ఈ ఫారాలు నింపాలి. అవి చూసి రెండిట్లో ఒక ఊరికి ప్రతి గురువారం క్లినిక్ ఇస్తాం. డాక్టరు ఇక్కడికే వస్తారు, మాత్రలు ఇక్కడే ఇస్తారు. మీలో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?”

ఊరంతా నావైపు చూసింది. ఆ ప్రశ్నకి జనం నావైపు చూసిన సందర్భం నా జన్మలో అదొక్కటే. ఫారాల కట్ట చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి నా నడకే మారిపోయిందని పిన్ని తరవాత చాలాకాలం అనుకరించి చూపించేది.

ఆ ఫారాలు చదివాను. మందులు రోజూ వేసుకుంటున్నారా, ఉప్పు తగ్గించారా, పొగ తాగుతారా, ఆసుపత్రికి వెళ్లడం కష్టంగా ఉందా. రెండు ఊళ్లు, ఒక్కటే క్లినిక్. అంటే ఇది పోటీ పరీక్ష. పైగా ప్రశ్నపత్రం ముందే చేతికి వచ్చింది! ఎవరికి మంచి మార్కులు వస్తే వాళ్లకి బహుమతి. ఇంతకన్నా తేటగా ఇంకేం కావాలి? తప్పిన వాడికే బహుమతి ఇచ్చే పరీక్ష ఒకటి లోకంలో ఉంటుందని నాకు ఎవరు చెప్పారు గనక? డాక్టరమ్మగారిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కాని పరీక్ష పెట్టేవాళ్లని “ఇది దేనికండీ?” అని అడిగితే మనకి చదువు లేదని తెలిసిపోదూ!

కొబ్బరికాయలు వొలిచే పాకలో ట్యూషను పెట్టాను. మూడు సాయంత్రాలు. ముసలీ ముతకా అందరూ వచ్చారు, రానివాళ్లని నావ నడిపే మావయ్య కేకలేసి తీసుకొచ్చాడు.

“మందులు రోజూ వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నామండీ” అంది పాకంతా.

“ఉప్పు?”

“తగ్గించేమండీ.”

“చుట్ట?”

నావ మావయ్య నోట్లోంచి చుట్ట తియ్యకుండానే “మానేసేనండీ” అన్నాడు.

“మరి ఆ పొగేంటి మావయ్యా?”

“ఇది మానకముందు పీల్చిందిలే అల్లుడూ. ఇప్పుడు బయటికొస్తంది.”

నవ్వులు. నేను నవ్వలేదు. మేస్టారన్నవాడు నవ్వకూడదని నా ఉద్దేశం. చివరి ప్రశ్న అడిగాను, ఆసుపత్రికి వెళ్లడం కష్టంగా ఉందా అని. వెనక వరసలోంచి పిన్ని గొంతు వినిపించింది. “కష్టమేనండీ. నావెక్కాలంటే నాకు ప్రాణాలు పోతాయండీ.”

నాకు ఒళ్లు మండింది. “పిన్నీ! బయటివాళ్ల ముందు మన ఊరి కష్టాలు చెప్పుకుంటామా? దిగువ లంకవాళ్లు నవ్వరూ? కష్టమేమీ లేదండీ, నావ ఉంది కదండీ, అనాలి.”

“అబద్ధం కదరా?”

“అబద్ధం కాదు. జవాబు.”

“సరేలేరా. చదువుకున్నోడివి” అంది పిన్ని. ఆవిడ ఆ మాట వెటకారంగా అని ఉంటే నేను బాగుపడేవాణ్ణి. కాని నిజంగానే అంది.

ఫారాల తనిఖీకి డాక్టరమ్మగారు వచ్చి, ఎంచుకున్న పది ఇళ్లలో మా ఇల్లే ముందు చూశారు. మా లంకలో అతిథికి కొబ్బరినీళ్లు ఇవ్వకుండా నోరు విప్పరు. తాగాక అడిగిన దేనికీ కాదనరు. పిన్ని అరుగుమీద చేతులు ఒళ్లో పెట్టుకుని పద్యం అప్పజెప్పినట్టు జవాబులన్నీ చెప్పేసింది. అంతటితో పోయేది. కాని డాక్టరమ్మగారు ఫారంలో లేని ప్రశ్న ఒకటి వేశారు. “ఏ రంగు మాత్రండీ, మీరు వేసుకునేది?” పిన్ని ఆవిడ భుజం మీంచి నావైపు చూసింది. (నెలన్నర నుంచి ఇంట్లో మాత్రే లేదు. రంగెలా గుర్తుంటుంది?) నేను నా చొక్కా కాలరు పట్టుకు లాగాను. “తెల్లదండీ” అంది పిన్ని. డాక్టరమ్మగారు తృప్తిగా తల ఊపి రాసుకున్నారు. వెళ్లేటప్పుడు రేవులో నాకు చెయ్యి కలిపి, “మీలాంటివాళ్లు ఊరికొకళ్లుంటే మాకు పనే ఉండదండీ” అన్నారు. అది మెప్పు అనుకున్నాను. శిక్ష చదివి వినిపించారని అప్పటికి తెలియలేదు.

ఆ విభాగంవాళ్లు నెలకొకసారి నాలుగు పేజీల పత్రిక వేసేవారు. ఎవరు ఏ పరిశోధన చేశారు, ఏ ఊళ్లో ఏ శిబిరం జరిగింది, ఇలాంటి కబుర్లన్నీ అందులో ఉండేవి. రెండు నెలలకి అది నా పేరుమీద పోస్టులో వచ్చింది. రెండో పేజీలో నా పేరు! అచ్చులో! ‘స్వయంకృషితో చదువుకున్న స్థానిక కార్యకర్త’ అట. మందుల వాడకంలోనూ అలవాట్లలోనూ మా లంక ఆదర్శమట. పాకలో ఊరందరినీ మళ్లీ పోగేసి, పెద్దగా చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. మావయ్య ఒక చుట్ట వెలిగించాడు. అదే ఊపులో కింది పేరా కూడా చదివేశాను, ముందు ఒకసారి చూసుకోకుండా. వైద్య సదుపాయం అందక అక్కడి ప్రజలు తీవ్రంగా ఇబ్బంది పడుతున్నట్టు తేలినందున, గురువారం క్లినిక్ దిగువ లంకలో ఏర్పాటు చేయడమైనది.

ఆ దిగువ లంకలో ఫారాలు నింపినవాడు నాకు తెలుసు. ఏం అడిగితే ఏం తిట్టారో అలాగే రాసి ఇచ్చేసిన బద్ధకస్తుడు. ఆ బద్ధకమే వాళ్ల ఊరిని కాపాడింది.

“ఫస్టు మనమేనన్నావు కదరా” అంది పిన్ని నెమ్మదిగా. “మరి డాక్టర్లు అటెళ్లేరేంటి?”

ఆ తరవాత నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. విభాగానికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదాంట్లో వాళ్లని తిట్టాను, రెండోదాంట్లో వ్యవస్థని తిట్టాను, మూడోదాంట్లో నిజం రాశాను. మొదటి రెండింటికీ ‘మీ సూచనలకు కృతజ్ఞతలు’ అని జవాబు వచ్చింది. మూడోదానికి జవాబే లేదు. ఇక లాభం లేదని ఒక గురువారం పిన్నిని నావెక్కించి దిగువ లంక క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఎదురు ప్రవాహంలో కాదు గనక నయం, అయినా నా మోచేతినుంచి రక్తం కారింది. అక్కడ పేర్లు రాసుకునే ఆయన మా ఊరి పేరు వినగానే నవ్వాడు. “మీది ఆదర్శ గ్రామం కదండీ! మీకు మాతో పనేంటండీ?”

డాక్టరమ్మగారు పిన్ని చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. మళ్లీ చూశారు. మూడోసారి కూడా చూసి, “అమ్మా, రోజూ వేసుకుంటున్నారు కదా?” అన్నారు. నేను నోరు తెరవబోయాను. పిన్ని నావైపు తిరగలేదు.

“లేదండీ. ఎప్పుడో గాని వేసుకోనండీ. మా వోడు చెప్పమన్నాడని ఆ రోజు అలాగన్నానండీ. మా ఊళ్లో అందరిచేతా అలాగే చెప్పించేడండీ. చెడ్డోడు కాదండీ, మనకే క్లినిక్ వచ్చేత్తాదనుకున్నాడు.”

డాక్టరమ్మగారు చెవుల్లోని గొట్టాలు తీసి బల్లమీద పెట్టారు. “ఆ ఫారాలు పట్టుకుని నేను పెద్ద పెద్ద సభల్లో మాట్లాడి వచ్చేనండీ” అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిట్టడానికి నా దగ్గర నిఘంటువంత సరుకు ఉంది. ఆవిడ తిట్టలేదు. “నన్నొక్క మాట అడగాల్సిందండీ” అన్నారు అంతే. పైనుంచి ఉత్తర్వులు అయిపోయాయి, క్లినిక్ మార్చడం ఇక తన చేతిలో లేదన్నారు. పిన్నికి నెలకి సరిపడా మాత్రలు ఇచ్చారు. గులాబీ రంగువి.

నెలకొకసారి ఏరు దాటడం అలా మొదలైంది. కొన్నేళ్లు దాటాం. ఒక ఏడు గోదావరికి పెద్ద నీరొచ్చి నావలు ఆపేశారు. మాత్రలు అయిపోయాయని పిన్ని నాకు చెప్పలేదు. చెబితే ఆ నీళ్లలో నేను ఈదుకుంటూ పోతానని భయపడిందట. నీరు తీసేలోపు ఆవిడకి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మూతి వంకర పోయింది. మాట సగమైంది. గురువారం క్లినిక్ మా ఊళ్లోనే ఉండి ఉంటే ఏమయ్యేదన్న లెక్క నేను వెయ్యను. ఆ లెక్క నా బదులు ఎవరూ వెయ్యక్కర్లేదు కూడా.

రెండు వేల సంవత్సరం దాటాక అదే విభాగంనుంచి ఒక అమ్మాయి కొత్త ఫారాలతో వచ్చింది. పిన్ని మంచం పక్కన పీట వేసుకుని, “ఆసుపత్రికి వెళ్లడం కష్టంగా ఉంటుందాండీ?” అని, పిన్నిని చూసి జాలిపడి, జవాబు కోసం నావైపు తిరిగింది. పిన్ని బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి, నన్ను గుమ్మం బయటికి చూపించింది. వెళ్లాను. లోపల ఆవిడ మొదలుపెట్టింది. ఒక్కో మాటా గొంతులోంచి తవ్వి తీసుకోవాలి. నావ అంది, నీరు అంది, మాత్ర అంది. ఆ అమ్మాయి ఓపిగ్గా రాసుకుంటోంది. బయట అరుగుమీద, నలభై దాటిన స్వయంకృషి కార్యకర్త గోడకి చెవి ఆనించి కూర్చున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే వాణ్ణి చూసి నవ్వొస్తుంది. పిన్ని మాట తడబడిన చోటల్లా వాడి పెదాలు కదిలాయి. శబ్దం మాత్రం రానివ్వలేదు.