ఆకాశం వైపు తిప్పిన స్పీకర్లు

వరుసగా మూడో ఏడూ వేరుశనగ ఎండిపోయింది. నా భార్య పోయి రెండు నెలలైంది. రోజూ భాగవతం చదువుతున్నా ఒక్క పద్యమూ లోపలికి దిగేది కాదు. ఇక భజనకు రానని మా మండలికి చెప్పేయాలనుకుంటూ పావగడలో తిరుమణి బస్సెక్కాను.

పక్క సీటతను మైకుసెట్టు మనిషి. ఒళ్ళో పెద్ద హారన్ స్పీకరు, దాని నోటి నిండా ఎర్రదుమ్ము. యాడ కచేరి అని అడిగాను.

"మంగళవాడలోప్పా. వాన కోసరం బయల్లో పాటకచేరి పెట్టినారు. ఎనిమిది హారన్లు కట్టినా. పెద్దమనుషులొచ్చి, వాటి మూతులు ఆకాశం పక్క తిప్పు, దేవునికి ఇనపడాల అన్నారు."

"తిప్పినావా?"

"తిప్పక? ఎనక కూసున్నోళ్ళకి ఒక్క ముక్క ఇనపడలే."

"లేసి పోయినారా?"

"యాడికి పోతారప్పా? కడదాకా ఆడనే కూసున్నారు. తాళం గూడా ఏసినారు."

"వాన?"

"ఏదీ?" అంటూ తువ్వాలుతో హారన్ దుమ్ము తుడిచాడు.

ఆ శనివారం భజనకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. పాట నా దాకా రాలేదు. మంగళహారతి అయ్యేదాకా లేవలేదు.