అంతర్జాతీయ మర్యాదలు, అమ్మ జొన్నరొట్టెలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరికైనా తమకు తెలియనిది లేదనిపిస్తుంది. నాకైతే ఆ జబ్బు బాగా ముదిరింది. బుద్వేల్ దగ్గర ఓ యూనివర్సిటీలో, విదేశీ విద్యార్థులను చూసుకునే ఆఫీసులో చేరాను. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఇథియోపియా నుంచి వస్తున్న ఒకమ్మాయిని శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురమ్మని పంపుతూ మా మేడం, "ఆ అమ్మాయి సంతోషంగా క్యాంపస్‌లో అడుగుపెట్టాలి. నీ ఉద్యోగం సంగతి ఆ తర్వాతే" అన్నారు. ఇక చూడండి నా తిప్పలు! అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో స్వాగతోపన్యాసం బట్టీ పట్టాను. విదేశీయులను ముట్టుకోకూడదని, తిండి గురించీ దేవుడి గురించీ అడగకూడదని నాకు నేనే చట్టాలు చేసుకున్నాను (నాకెవరూ చెప్పలేదు). ఒక శాండ్‌విచ్, దాన్ని తినడానికి ఫోర్కు, చాకు కూడా సర్దుకున్నాను (శాండ్‌విచ్‌ను చేత్తోనే తింటారని అప్పటికి తెలియదు మరి).

కందుకూరు నుంచి వచ్చి నా దగ్గరున్న అమ్మ, నేనూ వస్తానని ఆఫీసు కారెక్కి కూర్చుంది. "దుబాయ్ పోయేటోన్ని సాగనంపనీకే ఊరంత పోతది. నేనొక్కదాన్నొస్తే ఏమైతది?" అంది. ఒళ్లో పెద్ద టిఫిన్ క్యారియర్. "నీకు దండం పెడతా, కారు మాత్రం దిగకమ్మా" అని బతిమాలాను.

ఎయిర్‌పోర్టులో ఆ ఇథియోపియా పిల్ల ఏడుస్తూ బయటికొచ్చింది. పెట్టె రాలేదట. వాళ్లమ్మ సర్దిచ్చిన సామానంతా అందులోనే ఉందట. ఈ దేశం నాకొద్దు, తర్వాతి విమానంలో వెళ్లిపోతానంది. ఏం చేయాలో తోచక ఉపన్యాసం మొదలుపెట్టాను. 'మా విశ్వవిద్యాలయం మీకు రెండో ఇల్లు' అనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఏడుపు రెట్టింపైంది.

ఎప్పుడు దిగిందో, అమ్మ పక్కనే ఉంది. "ఏంది బిడ్డా, ఏడ్చే పిల్ల ముంగట గట్ల పాఠం అప్పజెప్తున్నవ్? తిన్నదో లేదో అడుగు జర!" అంటూ ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, పార్కింగ్ పక్కన కూర్చోబెట్టి గిన్నె మూత తీసింది. కోడికూర! ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నా ఉద్యోగం అక్కడే పోయిందనుకున్నాను. "మరియమ్మ ఉపవాసాలు. మాంసం తినను" అందామె ఇంగ్లీషులో. అదే తెలుగులో అమ్మకు చెప్పాను.

"గంతేనా? ఈస్టర్ ముంగట శ్రమల దినాలల్ల నేను గూడ నీసు ముట్ట" అంటూ అమ్మ ఆ గిన్నె డ్రైవరన్నకు ఇచ్చేసింది. ("నాకైతే ఏ ఉపాసం లేదమ్మా" అని ఆయన సంతోషంగా అందుకున్నాడు.) కింది గిన్నెలో జొన్నరొట్టెలు, గోంగూర పప్పు ఉన్నాయి. ఆ పిల్ల ఏడుపు ఆపి రొట్టె తుంచింది, పప్పులో అద్దింది. తన నోట్లో పెట్టుకోకుండా అమ్మ నోటి దగ్గర పెట్టింది! అమ్మ బిత్తరపోయింది. కన్నబిడ్డలం, మేమే ఎన్నడూ ఆమెకు ముద్ద పెట్టలేదు. మెల్లగా నోరు తెరిచింది. కళ్లు తుడుచుకుంటూ నమిలింది.

"మా దగ్గర ఇష్టమైనవాళ్లకు ఇలా పెడతాం. ఒక్క ముద్దే పెడితే కొట్లాట వస్తుందంటారు" అని ఆ పిల్ల నవ్వి రెండోది కూడా పెట్టింది. ఫోర్కు పట్టుకుని నిలబడ్డ నన్ను ఇద్దరూ పట్టించుకోలేదు. కాసేపటికి అమ్మ లేచి, "పిల్ల మంచిది. ఇగ పోదాం పా" అంది. విమానం మాట మళ్లీ రాలేదు. (పెట్టె మర్నాడు వచ్చింది, నా ఉద్యోగమూ నిలిచింది.)

చదువు ముగించుకుని ఆమె వెళ్లిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఎత్తగానే "అమ్మ తిన్నదా?" అని తెలుగులో అడుగుతుంది. తిన్నదో లేదో తెలియక నేను "ఉండు, కనుక్కుంటా" అంటాను. లోకానికంతా మర్యాదలు నేర్పబోయిన ఆ పిల్లను, అంటే నన్నే, తలుచుకుని నవ్వుకుంటూ ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తాను.