తాతయ్య వెలిగించిన చలిమంట

మా తాతయ్య బోర్డు పెయింటరు. బట్టల కొట్టుదైనా పళ్ల డాక్టరుదైనా, ఎవరి పేరైనా సరే ఆయన కుంచె కిందకొస్తే లావెక్కి, పక్కన నీడ వేసుకుని నిలబడాల్సిందే. ఊరినిండా ఆయన చేతిరాతే. ఇంట్లో మాత్రం జానెడు బొమ్మ లేదు. అందరి గోడలూ నింపారు, మన గోడ ఏం పాపం చేసుకుందోనని నానమ్మ దెప్పుతూనే ఉండేది.

ఓ చలికాలం ఆవిడ శాలువా చుట్టుకుని ముందుగదిలో వణుకుతుంటే తాతయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. బయట మంచు, లోపల చిన్న గది, ఇంగ్లీషు సినిమాల్లోలా గోడగూట్లో చలిమంట, ఎదురుగా రెండు కుర్చీలు. ఇదంతా నీటి రంగుల్లో వేసిస్తానన్నాడు. బాగుంటే ముందుగదిలో, లేకపోతే మంచం కింద అని నానమ్మ అప్పుడే తేల్చేసింది.

ఇక చూడండి తాతయ్య ప్రతాపం. బోర్డుకైతే ముందు అడుగు రంగు పూసి, అది ఆరాక అక్షరాలు రాస్తారు. కాగితానికీ అదే మర్యాద చేశాడు. గదంతా దట్టంగా చీకటి పూసి, తీరిగ్గా టీ తాగొచ్చి మంట వెలిగించబోయాడు. పూసిన పసుపునల్లా చీకటి మింగేసింది. ఇంకాస్త పూస్తే బురదయింది. నానమ్మ తొంగిచూసి, కట్టెలు తడిసినట్టున్నాయంది.

నీటి రంగుల్లో వెలుగంటే ఉత్త కాగితమేననీ, మంట చోటు ముందే వదిలేయాలనీ పక్కింటి డ్రాయింగు టీచరమ్మ చెప్పింది. ఎంత వదలాలో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. మంటకి వదిలాడు, కిటికీలో మంచుకి వదిలాడు, భయంకొద్దీ కుర్చీలకీ వదిలాడు. చివరికి గదే మిగల్లేదు.

"మొదటి ఇంట్లో కరెంటు పోయింది, రెండో ఇంటికి సున్నం కొట్టాను. ఇంతకాలం నాచేత బోర్డులు రాయించుకున్నవాళ్ల ధైర్యానికి దణ్ణం పెట్టాలి" అని కనిపించినవాళ్లందరికీ తనే చెప్పుకుని నవ్వాడు.

మూడోసారి మంట రాజుకుంది. నడుమ తెలుపు, చుట్టూ పసుపు, కుర్చీ కాళ్ల మీద ఎర్రటి వెలుగు. నానమ్మ శాలువా కాస్త వదులు చేసి, చాలాసేపు చూసింది. చూపు కింది మూలకి దిగాక ఆగిపోయింది. అక్కడ బోర్డులకి వాడే ఎర్ర ఎనామిల్ రంగుతో, నీడతో సహా, తాతయ్య కొట్టు పేరూ ఫోను నంబరూ ఉన్నాయి. పని పూర్తయితే అవి రాయకుండా ఆ చెయ్యి కుంచె కడగదు.

"నంబరెందుకండీ? మంట ఆరిపోతే కబురు చెయ్యడానికా?"

తాతయ్య మొహం మాడ్చుకున్నాడు. "నా చెయ్యి బుద్ధే అంతేలేవే. ఆ మూల కత్తిరించేస్తాను."

"కత్తిరిస్తే మీరే వేశారంటే ఎవరు నమ్ముతారు?" అంటూ నానమ్మ ముందుగదిలో స్టూలెక్కింది. తాతయ్య మేకు అందుకోబోతే సుత్తితో సహా లాక్కుని, తనే కొట్టింది.